ఐదు పక్కన రాయని మాట

మా వదినకి భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. అలాంటి మనిషి లిఫ్టులకు ప్రోగ్రాములు రాస్తుందంటే నాకు నవ్వొచ్చేది. "నీ లిఫ్టు ఎక్కితే అది కూడా వణుక్కుంటూ పైకెళ్తుందేమో వదినా!" అని ఏడిపించేదాన్ని.

ఆ కంపెనీలో కొత్తగా చేరింది. అక్కడ ఒక పద్ధతి ఉందట. ప్రోగ్రాంలో సమయం ఎక్కడ రాసినా, అది సెకన్లా మిల్లీసెకన్లా అన్నది పక్కన రాసి తీరాలి. రాయకపోతే మిల్లీసెకన్ల కిందే లెక్క, అంటే సెకనులో వెయ్యో వంతు. పాత కంపెనీలో ఉత్త అంకె వేస్తే సెకన్లే. ఆ అలవాటు చేతిని వదల్లేదు. తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలన్న చోట ఐదు అని రాసి ఊరుకుంది.

ఆ ప్రోగ్రాంని ఓ పొద్దున మా బిల్డింగ్ లిఫ్టులోకి ఎక్కించారు. మధ్యాహ్నం వదిన ఆఫీసు నుంచి వస్తూ దారిలోంచి ఫోన్ చేసింది.

"అత్తయ్యని లిఫ్టు ఎక్కనివ్వకు!"

"అమ్మ ఇందాకే మందులకని కిందికెళ్ళింది, వచ్చే వేళైంది. ఏమైంది?"

"ఐదు పక్కన సెకన్లని రాయలేదే, ఇప్పుడే చూసుకున్నా. తలుపు ఇలా తెరుచుకుని అలా మూసుకుపోతుంది. మనిషి అడ్డొస్తే ఆగుతుంది గానీ, చేతికర్ర సన్నం కదా, దానికి కనపడదు. పరిగెత్తవే, నీకు దణ్ణం పెడతాను!"

మా అమ్మ ముందు కర్ర పెడుతుంది, తర్వాతే కాలు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాను. కింద టపటపా తలుపులు కొట్టుకుంటున్న చప్పుడు. అమ్మ గొంతు మాత్రం వినపడదే! ఏం చూడాల్సి వస్తుందోనని ఏడుస్తూనే దిగాను.

అమ్మ లిఫ్టు బయట నేల మీద కూలబడి ఉంది. కర్ర తలుపుల మధ్య నలిగిపోయింది.

"అరవకే, బానే ఉన్నాను. ఎక్కబోతే కర్రని లాక్కుంది, వదిలేశాను" అంది.

ఇంతలో వదిన రొప్పుతూ, ఏడుస్తూ వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది.

"నావల్లే అత్తయ్యా!"

"బుద్ధుందా నీకు? పద్ధతి పెట్టిందే ఇందుక్కదా!" అని విరుచుకుపడ్డాను.

"నువ్వూరుకో" అని నన్ను కసిరి, అమ్మ వదిన వైపు తిరిగింది. "ఇది మన లిఫ్టుకొక్కదానికేనా పెట్టింది?"

వదిన ఏడుపు ఆగిపోయింది. "ఊళ్ళో ఉన్న మా కంపెనీ లిఫ్టులన్నిటికీ..."

"ఆఫీసులో చెప్పే వచ్చావా?"

"భయమేసింది అత్తయ్యా. ముందు మీరే గుర్తొచ్చారు."

ఫోన్ తీసి ఆఫీసుకి కలపబోయి, రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. నేనే నొక్కి తన చెవి దగ్గర పెట్టాను. అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.