ఎదురు తిరిగిన కట్టర్

నేను గీసిన మొదటి కట్టర్ ఒక చెరువులోంచి ఎనిమిది రోజుల పాటు తేటనీళ్ళు తోడింది. తోడవలసింది బురదని.

తొంభైల నడిమి మాట. మావారికి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం వచ్చింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఛత్రినాకలో పాలవ్యాపారం చేసే వాళ్ళ ఇంటి మేడమీద అద్దెకు దిగాం. కింద పదకొండు బర్రెలు, పైన మేమిద్దరం. ఇంటావిడ బర్రెల్నీ మమ్మల్నీ ఒకే గొంతుతో పిలిచేది. బర్రెలూ పలికేవి, మేమూ పలికేవాళ్ళం.

నేను డిప్లొమా చదివాను. మెషిన్ డ్రాయింగ్ బాగా వచ్చు. కంచన్‌బాగ్ వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు ముందు ‘డ్రాఫ్ట్స్‌మన్ కావలెను’ అని అట్టముక్క వేలాడుతుంటే లోపలికెళ్ళాను. షెడ్డు యజమాని నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన ఇంజనీరు. నగరంలో చెరువులన్నీ పూడిపోతున్నాయనీ, వాటికి సరిపోయే చిన్న డ్రెడ్జర్లు తనే తయారు చేస్తాననీ కూర్చున్నాడు. అందరూ ఆయన్ని సార్ అనేవారు.

“నీకు ఈత వస్తదా?” అన్నాడు నన్ను చూసి.

“రాదండీ.”

“మంచిది. పడవ మునగకుంట గీస్తవ్.”

అదే ఇంటర్వ్యూ.

డ్రెడ్జర్ అంటే మరేం లేదు. నీళ్ళ మీద తేలే ఇనప పంటు. దాని ముందు నుంచి ఒక పొడవాటి ఇనప చెయ్యి చెరువు అడుగుదాకా దిగుతుంది. ఆ చేతి వెంట లావుపాటి గొట్టం. పంటు మీదున్న పంపు ఆ గొట్టంతో అడుగునున్న పూడికను పీల్చి, డ్రమ్ముల మీద తేలే ఇంకో గొట్టం గుండా గట్టు అవతల పోస్తుంది. అయితే ఏళ్ళ తరబడి అణిగిపోయిన బురద పీల్చినంత మాత్రాన రాదు. ముందు దాన్ని ఎవరో కోసి, విరగ్గొట్టి, గొట్టం నోటికి అందించాలి. ఆ పని చేసేది కట్టర్. ఆరు వంపు తిరిగిన కత్తులు ఒక బుట్టలా కలిసి, చేతి చివర గిరగిరా తిరుగుతాయి. అది గీయడమే నా ఉద్యోగం.

సార్ దగ్గర ఏదో రేవు నుంచి తెచ్చిన పాత పుస్తకం ఒకటి ఉండేది. అందులో కట్టర్ ఫోటో ఒకే ఒక్కటి, సగం మసి. మిగతా సగం నేను ఊహించుకోవాలి. మూడు నెలలు కూర్చున్నాను. కత్తుల వంపు ఎక్కువైతే బురద మధ్యలో ఇరుక్కుంటుంది, తక్కువైతే జారిపోతుంది. ఇంట్లో బంగాళాదుంపల మీద చాకుతో వంపులు చెక్కి చూసుకునేదాన్ని. ఆ మూడు నెలలూ మా ఇంట్లో అదే కూర. మావారు ఏమీ అనలేదు గానీ, డిజైన్ ఎప్పటికి తేలుతుందని రెండుసార్లు అడిగారు.

దాన్ని తయారు చేసింది ఉస్తాద్. అరవై దాటిన వెల్డర్. గేట్లు, ట్యాంకులు, లారీ చాసిస్‌లు అన్నీ ఆయన చేతి కింద నుంచి పోయినవే. మందపాటి రేకును నిప్పుల్లో కాల్చి, సుత్తితో కొడుతూ వంచుతుంటే అది ఆయనకు లోబడి వంగినట్టే ఉండేది. ఆయనకు తెలుగు సగం వచ్చు, నాకు ఉర్దూ పావు వచ్చు. మిగిలింది సుద్దముక్కతో నేల మీద గీసుకునేవాళ్ళం.

పని మొదలుపెట్టే రోజు ఆయన నా కాగితం పట్టుకుని వచ్చాడు. నేను కత్తుల బుట్టను ఎదురుగా నిలబడి చూసినట్టు ఒకే బొమ్మ గీశాను. పక్కనుంచి చూసే బొమ్మ కూడా గీయాలి. సార్ తొందరపెట్టాడని మానేశాను.

“బేటీ, యే కిధర్ సే దేఖ్నా? ముందట్నుంచా, ఎన్కనుంచా?” అన్నాడు.

అప్పుడు నేను ఇరుసు కొలతలు వేసుకుంటున్నాను. తల ఎత్తలేదు.

“డ్రాయింగ్‌లో ఎలా ఉంటే అలా చెయ్యండి ఉస్తాద్ గారూ.”

ఆయన కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు. పంటు మీద నిలబడి చూస్తే ఎలా కనపడాలో ఆ బొమ్మ అదే అనుకుని చేశాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

ఊరికి దక్షిణాన ఒక చెరువులో పంటు దించాం. కొబ్బరికాయ కొట్టాం. మా ఇంటావిడ కూడా చూడ్డానికొచ్చింది, ఇద్దరు చుట్టాలను వెంటేసుకుని. ఇంజను మోగింది, కట్టర్ తిరిగింది, చెయ్యి నీళ్ళలోకి దిగింది. గట్టు అవతల గొట్టంలోంచి ధార పడింది. తెల్లటి, చల్లటి నీళ్ళు.

“నీళ్ళు మస్తున్నయ్ గానీ, బురదేది బిడ్డా?” అంది ఇంటావిడ.

“వస్తుందండీ,” అన్నాను.

రెండో రోజూ అదే. మూడో రోజు పక్క బస్తీ ఆడవాళ్ళు బట్టలు తెచ్చుకుని ఆ ధార కింద ఉతుక్కున్నారు. చెరువు పనులు చూసే అధికారి వచ్చి, గొట్టాన్ని చాలాసేపు చూసి, తన పుస్తకంలో ‘నీరు వచ్చుచున్నది’ అని రాసుకుని వెళ్ళాడు.

నాలుగో రోజు సార్ పంపు విప్పించాడు. పంపులో తప్పు లేదు. గొట్టం అతుకుల్లో గాలి పీలుస్తోందేమో అనుకున్నాడు. ఆ అతుకులు వేసింది ఉస్తాద్.

“గీ అతుకులు ఎవడు ఏసిండు? గిట్లనేనా పని చేసేది?” అని సార్ అందరి ముందూ గట్టిగా అరిచాడు. ఉస్తాద్ కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టుకున్నాడు, లంచ్ గిన్నె తీసుకున్నాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. అతుకులన్నీ మళ్ళీ వేయించారు. ఇంకా తేటగా నీళ్ళొచ్చాయి.

ఆ ఆదివారం ఇంట్లో ట్రేసింగ్ కాగితాన్ని కిటికీ అద్దానికి అతికించి, ఎక్కడ తప్పుందో వెతుకుతున్నాను. ఏమీ దొరకలేదు. ఇంతలో చినుకులు పడితే బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్ళాను. చేతినిండా బట్టలతో తిరిగి చూస్తే, అద్దం అవతలి నుంచి నా కాగితం వెనకవైపు కనపడింది. ఎనిమిది రోజులుగా పంటు ముందు వేలాడుతున్న కట్టర్, ఎదురుగా నిలబడి చూస్తే, అచ్చం అలాగే ఉంది. కాగితం ముందువైపు ఉన్నట్టు లేదు.

కత్తులు కుడికి బదులు ఎడమకు వంగాయి. అవి బురదను కొయ్యడం లేదు, వీపులతో రుద్దుతున్నాయి. రాలిన కాస్త బురదనూ గొట్టం నోటికి అందించకుండా అవతలికి తోసేస్తున్నాయి. బురద తప్పుకున్న చోట మిగిలిన తేటనీటిని పంపు నమ్మకంగా పీలుస్తోంది. ఏ ఒక్కటీ పాడవలేదు. అన్నీ నేను చెప్పినట్టే పని చేస్తున్నాయి.

బట్టలు తడిసిపోయాయి. మావారికి చెప్పాను.

“రేపు చెప్పు. ఇవాళ ఆదివారం కదా,” అన్నారు.

నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అంతకంటే, ఉస్తాద్ ‘కిధర్ సే దేఖ్నా’ అన్నప్పుడు తల ఎత్తలేదే అన్నది ఎక్కువ.

సోమవారం పొద్దున్నే షెడ్డుకి పోకుండా లాడ్ బజార్ వెళ్ళాను. ఉస్తాద్ తమ్ముడికి అక్కడ గాజుల దుకాణం. పని లేని రోజుల్లో ఉస్తాద్ అక్కడే కూర్చుంటాడని విన్నాను. ఉన్నాడు. నిప్పుల్లోంచి ఇనుము తీసే చేతులతో లక్కగాజుల్ని సైజుల వారీగా సర్దుతున్నాడు.

తప్పు నాదని చెప్పాను. కాగితం తిప్పి చూపించాను. ఆయన చూడనే లేదు.

“మాలూమ్ హై,” అన్నాడు. “ఫస్ట్ దినమే చూసిన. బురద గొట్టంలకు రాకుంట బయటికి పోతుండె.”

“మరి చెప్పలేదేం?”

“సార్ ‘ఎవడు ఏసిండు’ అని అడిగిండు. ‘ఏమైంది’ అని అడగలే.”

నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆయన తమ్ముడు నేను బేరం కుదరక ఏడుస్తున్నాననుకుని ధర తగ్గించాడు. ఉస్తాద్ అతన్ని కసిరి, నాకు చాయ్ తెప్పించాడు. తరవాత ఉపాయం చెప్పాడు. కట్టర్‌ను తిప్పే మోటారు నూనె ఒత్తిడితో తిరుగుతుంది; ఆ నూనె వచ్చే పైపు ఒకటి, పోయే పైపు ఒకటి. ఆ రెండూ అటుదిటు, ఇటుదటు మార్చి బిగిస్తే మోటారు ఎదురు తిరుగుతుంది. కట్టర్ ఎడమచేతి వాటం కాబట్టి, అప్పుడు కత్తులు బురదను సరిగ్గా కోస్తాయి. పది నిమిషాల పని.

నేను లేచేసరికి ఆయన నా చేతుల వైపు వేలు చూపిస్తూ అన్నాడు. “గానీ చూడీ కా ఖయాల్ రఖ్నా, బేటీ. ఉల్టా తిరిగితె చూడీ నికల్ జాతీ, ఊడిపోతది.”

నాకు తెలిసిన ఉర్దూలో చూడీ అంటే గాజు. కూర్చున్నదేమో గాజుల దుకాణం. మెషిన్ దగ్గర గాజులు జాగ్రత్త అంటున్నాడనుకున్నాను. చనిపోయిన మా నాన్న కూడా అలాగే జాగ్రత్తలు చెప్పేవాడు. తప్పకుండా అన్నాను.

సార్‌కి చెప్పినప్పుడు, నా ఉద్యోగం గురించి అంటాడనుకున్నాను.

“గా పెద్దమనిషిని గంతమంది ముంగట తిట్టిన గదా,” అన్నాడు. ఆ మాట అని, చెరువుకి బయల్దేరాడు.

పైపులు మార్చి బిగించారు. నేను గాజులు తీసి పర్సులో పెట్టుకున్నాను. ఇంజను మోగింది. ఒక నిమిషం తేటనీళ్ళే. తరవాత గొట్టం ఒకసారి దగ్గి, నల్లటి బురద కక్కింది. చిక్కగా, కంపు కొడుతూ, ఆగకుండా. అంత కంపును చూసి అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ పరిగెత్తారు. సార్ గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాడు. ఉస్తాద్‌ను తీసుకురమ్మని జీపు పంపించాడు.

జీపు తిరిగొచ్చే లోపు, అంటే నలభై నిమిషాలకి, ఇంజను గొంతు తేలికైపోయింది. బరువు దింపిన మనిషిలా. ఇనప చెయ్యి పైకెత్తి చూశాం. చివర కట్టర్ లేదు. ఉత్త ఇరుసు నీళ్ళు కారుస్తూ తిరుగుతోంది.

ఉస్తాద్ అప్పుడే జీపు దిగాడు. ఇరుసును చూశాడు, నన్ను చూశాడు.

“చూడీ బోలా నా మైనే? చెప్పిన గదా?”

నేను రెండు బోసి చేతులూ పైకెత్తి చూపించాను. “తీసేశానండీ.”

ఆయన కాసేపు నా చేతులనే చూశాడు. తరవాత గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. దగ్గొచ్చింది. నీళ్ళు తెచ్చిచ్చారు.

వర్క్‌షాపుల్లో బోల్టు మరచుట్లను కూడా చూడీ అనే అంటారు. కట్టర్‌ను ఇరుసుకి మరతోనే బిగిస్తారు. తిరిగే కొద్దీ ఇంకా బిగుసుకునేలా ఆ మర కోయిస్తారు. మేం ఎదురు తిప్పాం కాబట్టి అది తిరిగే కొద్దీ వదులై, నలభై నిమిషాలకి తనంతట తనే ఊడి అడుగుకి చేరింది. ఇద్దరు మనుషుల బరువున్న ఇనప బుట్ట, పన్నెండడుగుల నీళ్ళ కింద, అది కోయవలసిన బురదలోనే.

చేపలు పట్టేవాళ్ళను పిలిచాం. వాళ్ళు రెండు పడవల్లో కొక్కేలు వేసి లాగారు. మొదటి రోజు వినాయకుడి ఇనప చట్రాలు నాలుగొచ్చాయి. రెండో రోజు ఒక స్కూటరు. “గిది మీదేనా?” అని కేకేశారు. కాదన్నాం. మూడో రోజు మధ్యాహ్నం కట్టర్ దొరికింది. గొలుసులతో పైకి లాగుతుంటే ఉస్తాద్ పక్కనే నిలబడి, వియ్యాలవారిని దింపుకుంటున్నంత మర్యాదగా “ఆహిస్తా, ఆహిస్తా” అన్నాడు.

ఇరుసు చివర ఒక పలక వేసి, బోల్టుతో కట్టర్‌కి తాళంలా బిగించాలన్నాడు. చెయ్యడానికి ఆయనకు గంట చాలు. కానీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పహ్లే కాగజ్. నువ్వు గీయి, నేను జేస్త.”

గట్టు మీద ఒక ఖాళీ డ్రమ్మును బల్లగా పెట్టుకుని గీశాను. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. ఎటు తిరుగుతుందో బాణం గుర్తు వేశాను. దాని పక్కన ‘ఎడమకు’ అని తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను. ఉర్దూలో ఆయనే నా చెయ్యి పట్టుకుని రాయించాడు. ఆ ఒక్క మాట రాయడం నాకు ఇప్పటికీ వచ్చు.

ఆ తాళం ఊడలేదు. వర్షాలు వచ్చేదాకా బురద తోడాం. అధికారి తన పుస్తకంలో ‘బురద వచ్చుచున్నది’ అని రాసుకున్నాడు.

సార్ షెడ్డులో అందరినీ నిలబెట్టి, తిట్టినంత గట్టిగానే ఉస్తాద్‌ను మాఫీ అడిగాడు. ఉస్తాద్ సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఇకమీదట ఏ డ్రాయింగైనా ముందు తన దగ్గరికి రావాలి, తనకు అర్థమైతేనే పని మొదలు. సార్ ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి రెండు వేల అయిదో ఆరో, ఆయన చూపు మందగించేదాకా, నేను గీసిన ప్రతి కట్టర్ కాగితం మీదా, ‘సరిచూసినవారు’ అన్న గడిలో ఉర్దూ సంతకం ఉండేది. నేను అడిగినవాటికంటే ఆయన అడిగిన ప్రశ్నలే ఎక్కువ. ప్రతిదానికీ తల ఎత్తి జవాబు చెప్పాను.

ఒకసారి ఎక్కడో రేవు నుంచి ఇద్దరు ఇంజనీర్లు మా కట్టర్లు కొనేందుకు వచ్చారు. కాగితాలన్నీ తిరగేసి, ఆ గడి మీద వేలు పెట్టి, ఈ సంతకం ఎవరిదని అడిగారు.

“మా కన్సల్టెంట్,” అన్నాడు సార్.

ఆయనతో ఒకసారి మాట్లాడవచ్చా అన్నారు.

సార్ కిటికీలోంచి చూశాడు. ఉస్తాద్ బయట వేపచెట్టు కింద చాప మీద పడుకుని నిద్రపోతున్నాడు.

“ఇప్పుడు కుదరది. మీటింగ్ల ఉన్నడు,” అన్నాడు.

వాళ్ళు రెండు కట్టర్లకి ఆర్డరిచ్చి వెళ్ళారు.