తాళాలక్క అడిగిన ప్రశ్న

మా వీధిలో తాళాలు తీసే ఆమెను అందరూ తాళాలక్క అంటారు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. తాళంలోకి సన్నని ఊచ దూర్చి, కళ్లు మూసుకుని, నిద్రపోయే పిల్ల ఊపిరి విన్నట్టు వింటుంది. తాళాలు తీసేవాళ్ల సంఘానికి ఒక నియమం ఉంది. ఇంటి మగమనిషి చెబితే తప్ప తలుపు తీయకూడదు. మీరితే లైసెన్సు పోతుంది.

ఒక మధ్యాహ్నం మూడో అంతస్తు ఇల్లాలు పిలిచింది. భర్త పోయి నెల తిరగలేదు. ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి మరిది తాళం మార్చేసి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడీ ఇంటికి మగదిక్కు నేనే. తీయమని నేను చెప్పలేదు. నీ పనిముట్ల సంచి సర్దుకో," అన్నాడు తాళాలక్కతో.

"సర్దుకుంటాలే బాబూ," అంది తాళాలక్క. "ముందిది చెప్పు. వంటింటి కిటికీ ఎటు తెరుచుకుంటుంది?"

అతను తడుముకున్నాడు. "వంటింటి సంగతి నాకెందుకు?"

"అది తెరుచుకోదక్కా," అంది ఇల్లాలు. "చెక్క ఉబ్బిపోయింది. ఆ గూట్లో ఉల్లిపాయలు పెట్టుకుంటాను."

తాళాలక్క తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నీ లైసెన్సు ఊడగొట్టిస్తా."

"అలాగే. మగదిక్కుని అడక్కుండా తీసిందని పెద్దక్షరాలతో రాయి. మా సంఘం పెద్దలకు చూపు ఆనదు."

తలుపు తెరుచుకుంది. గదిలోని ఎండ వరండా మీదకు నీళ్లలా పారింది. తాళాలక్క మరిది వేసిన తాళం విప్పి వేరేది బిగించింది. మరిది చేయి చాపాడు. రెండు తాళంచెవులనూ ఆమె ఇల్లాలి అరచేతిలో పెట్టి, సంఘం పిలిచేలోపు ఇంకెన్ని తలుపులు తీయొచ్చా అని ఆలోచిస్తూ మెట్లు దిగింది.