ఎడమ కాలి గాడి

ఆ పిల్ల ఎడమ కాలి బ్లేడు అరగడం మానేసిందని నాకు రంజాన్ నెలకి ముందే తెలుసు.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. కౌలాలంపూర్ పక్కన ఒక పెద్ద మాల్, దాని అడుగు అంతస్తులో ఒక ఐస్ రింకు. బయట రోడ్డు మీద తారు కరుగుతూ ఉంటుంది, లోపల నేను స్వెట్టరూ ఉన్ని టోపీ వేసుకుని మంచు చూసుకుంటూ ఉంటాను. మంచుని చదును చేసే పెద్ద బండి తోలతాను. మిగతా వేళల్లో కౌంటర్ వెనక కూర్చుని స్కేట్ల బ్లేడ్లకి సాన పడతాను. ఫారం త్రీతో, అంటే తొమ్మిదో తరగతితో, బడి మానేసినవాడికి ఇంతకన్నా చల్లని ఉద్యోగం దొరకదు. బాగన్ దాతుక్‌లో, మా తాతలు కూలికొచ్చిన కొబ్బరి ఎస్టేటులో, మా పెద్దమ్మ ఇప్పటికీ నేను ఐస్‌క్రీం కంపెనీలో ఉన్నానని చెప్పుకుంటుంది. నేను దిద్దలేదు. ఐస్‌క్రీం అంటేనే మా వాళ్ళలో మర్యాద ఎక్కువ.

స్కేటు బ్లేడు అడుగున నిడుపునా ఒక సన్నని గాడి ఉంటుంది. గాడికి అటూ ఇటూ రెండు అంచులు. గాడి లోతుగా ఉంటే అంచు మంచుని గట్టిగా కరిచి పట్టుకుంటుంది, పైపైన ఉంటే జారుతుంది. ఏ కాలు గట్టిగా తన్నితే ఆ కాలి లోపలి అంచు ముందు మొద్దుబారుతుంది. బొటనవేలి గోరు అంచు మీద అడ్డంగా గీస్తే చాలు, పదునుంటే గోటి పొట్టు లేస్తుంది. ఈ పనిలో పడ్డాక నేను గోళ్ళు కత్తిరించుకున్నది తక్కువ.

ఆ పిల్ల కుడి బ్లేడు వారం తిరక్కుండా మొద్దుబారి వస్తోంది. ఎడమది నేను పెట్టిన పదును పెట్టినట్టే వస్తోంది. అంటే ఎడమ కాలు మంచు మీద తిరుగుతోంది గానీ పని చెయ్యడం లేదు. గొంతు కలపకుండా పెదాలు ఆడించే భజన మనిషిలాగ.

పిల్ల అంటున్నాను గానీ పద్దెనిమిదేళ్ళది. వాళ్ళమ్మ పై అంతస్తులో నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొట్లాలు కట్టి అమ్ముతుంది. మా ఎస్టేటు మనిషే, వరసకి నాకు అప్ప, అంటే అక్క. తొమ్మిదేళ్ళప్పుడు ఈ పిల్ల బడి నుంచి వచ్చి తల్లి పని అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని కనిపించినవాళ్ళందరినీ వెక్కిరిస్తూ ఉండేది. నా టోపీని వెక్కిరించిన రోజున, నోరు మూయించడానికి ఒక జత పాత స్కేట్లు కాళ్ళకి కట్టి మంచు మీదికి తోసేశాను. అంతే, ఇక బయటికి రాలేదు. ఐస్ హాకీ మా దేశంలో కార్లలో వచ్చే పిల్లల ఆట. ఈమె మోటారుసైకిల్ వెనక కూర్చుని వచ్చి వాళ్ళందరినీ దాటేసింది.

అప్పుడు ఒక కబురొచ్చింది. చలిదేశాల్లో ఆడపిల్లలకి ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగు ఒకటి ఉంది. ఏడాదికోసారి దాని జట్లన్నీ కూర్చుని కొత్త పిల్లల్లో తమకి కావలసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఎవరి పేరు పిలవాలో చూసి రావడానికి ముందుగా దేశాల మీదికి ఒక స్కౌట్ వెళ్తుంది. ఆ స్కౌట్ రంజాన్ నెల చివర వచ్చే హరి రాయా పండగ అయ్యాక మా రింకుకి వస్తోంది, ఈ పిల్ల కోసమే.

దానికి మూడు రోజుల ముందు, మాల్ తలుపులు తీయకముందే, పిల్ల స్కేట్లు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"మావా, ఎడం కాలికి గాడి బాగా లోతుగా పెట్టు లా," అంది, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర "లా" తగిలించి.

"ఎందుకే? మంచులో నుయ్యి తవ్వుతావేటి?"

"జోకులొద్దు మావా. అవుతాదా, అవదా?"

"మోకాలికేటైనాది?"

"ఏటీ అవలేదు."

"ఏటీ అవని కాలైతే అంచెందుకు అరగదు?"

ఆమె ఇటూ అటూ చూసింది. "మెట్లెక్కినప్పుడు లోపల టక్కుమంటాది. అంతే. అమ్మకి సెప్పకు."

"డాక్టర్‌కి సూపించినావా?"

"సూపిస్తే ఆడమంటాడేటి?"

ఎందుకు అడుగుతోందో నాకు అర్థమైంది. గాడి లోతుగా ఉంటే కాలు గట్టిగా తన్నకపోయినా బ్లేడు తనంతట తానే మంచుని పట్టుకుంటుంది. చూసేవాళ్ళకి రెండు కాళ్ళూ సమానంగా కనిపిస్తాయి. కానీ అంత లోతు బ్లేడుతో పరుగు మీద పక్కకి తిరిగి ఆగితే, పాదం మంచులో దిగబడి అక్కడే ఉండిపోతుంది, ఒళ్ళు తిరిగిపోతుంది. మధ్యలో ఉండేది మోకాలు.

అది తెలిసే సాన పట్టాను. సాన రాయి నిప్పురవ్వలు చిమ్ముతుంటే పిల్ల పక్కన నిలబడి నా టోపీని వెక్కిరించింది.

ఎందుకు పట్టానంటే మేం పెరట్టు మనుషులం. పెరట్టు అంటే ఎస్టేటులో తెల్లారగట్ల జనాన్ని వరసగా నిలబెట్టి ఎవరు పనికొస్తారో ఎంచడం. దొర ముందు నడిచేవాడు, కూలీల మేస్త్రీ కంగాణీ వెనక నడిచేవాడు. కుంటితే ఆ రోజు పని లేదు. అందుకని కుంటేవాడికి అటొకడు ఇటొకడు భుజాలు ఆనించి నిలబడేవాళ్ళు. పక్కవాడి కుంటు బయటపెట్టినవాడి ఇంట్లో మా వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. మా తాత కొబ్బరికాయలు వొలిచే ఇనప ములికి మీద కాలేశాడు. వారం రోజులు ఇద్దరు స్నేహితులు ఆయన్ని నిటారుగా నిలబెట్టారు. ఎనిమిదో రోజున ఆస్పత్రిలో ఆ పాదం తీసేశారు. ఆ కథ చెప్పినప్పుడల్లా తాత వాళ్ళిద్దరినీ మెచ్చుకునేవాడు. నేను చిన్నప్పుడు ఆయన మొండి కాలి మీద ఎక్కి ఊగుతూ వినేవాణ్ణి.

స్కౌట్ వచ్చిన రోజున అందరికన్నా ముందు నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. పొడుగాటి నడివయసు మనిషి, ఒకప్పుడు తనూ ఆడిందట. చేతిలో చిన్న నోటు పుస్తకం. ఆటగాళ్ళ సంగతి కోచ్‌ల కన్నా సాన పట్టేవాళ్ళకి బాగా తెలుస్తుందని, ఎక్కడికి వెళ్ళినా ముందు వాళ్ళనే అడుగుతానని చెప్పింది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా అభిప్రాయం అడగడం అదే మొదలు.

"ఆ అమ్మాయికి ఏ కాలు బలం?" అంది.

నిజం నోటి దాకా వచ్చింది. నా పక్కనే తాత స్నేహితులు భుజాలు ఆనించి నిలబడ్డట్టయింది.

"రెండూ ఒక తల్లి పిల్లలే మేడమ్," అన్నాను నా మాల్ ఇంగ్లీషులో. "ఒకటి లేకుండా రెండోది ఎక్కడికీ పోదు."

ఆమె గట్టిగా నవ్వింది. పుస్తకంలో ఏదో రాసుకుంది. నేనూ నవ్వాను. నా జోకు అంత బాగా పేలడం అరుదు.

"మంచిది," అందామె. "వీడియోల్లో చూసినప్పుడు నాకెందుకో ఎడమ వైపు అనుమానంగా ఉండేది. ఆఖర్లో పది సార్లు ఎడమ కాలి మీద ఆపిస్తాను, పూర్తి వేగంతో. అది చూస్తే సరిపోతుంది."

నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తీయడం గుర్తురాలేదు.

గంటసేపు పిల్ల ఎంత బాగా ఆడిందో నేను చెప్పలేను, నేను బ్లేడునే చూస్తున్నాను. తర్వాత స్కౌట్ అద్దం మీద తట్టి వేళ్ళతో పది చూపించింది. పిల్ల ఆ చివర నుంచి పరుగందుకుంది. ఒకటి. మంచు పొడి లేచింది. రెండు. ఆగిన చోట మంచులో గీత పడాలి, గుంట పడింది. మూడు. పై మెట్టు మీద పొట్లాల బుట్టతో అప్ప వచ్చి నిలబడింది. కూతురు బాగా ఆడుతోందనుకుని మురిసిపోతూ నాకు చెయ్యి ఊపింది. నాలుగోసారి పాదం ఆగాక ఒళ్ళు ఇంకా తిరుగుతూనే ఉంది. పిల్ల దాన్ని ఎలాగో వెనక్కి లాక్కుంది. పెదవి కొరుక్కోవడం నాకు కౌంటర్ దగ్గరికి కనిపించింది.

మా రింకులో ఒక్కటే గట్టి నియమం. బండి మంచు మీదికి వస్తే మనుషులు బయటికి వెళ్ళాలి. గేటు తీసి, హారన్ కొట్టి, బండిని లోపలికి తోలేశాను.

మిగతా పిల్లలు అరుచుకుంటూ గేటు వైపు పారిపోయారు. కోచ్ నన్ను మలయా భాషలో తిట్టాడు. ఆ పిల్ల మాత్రం నడిమధ్యన కుడి కాలి మీద బరువేసి నిలబడింది. బండి ఆమె దాకా వెళ్ళి ఆగింది. నేను రబ్బరు బూట్లతో దిగాను.

"ఏటి సేస్తన్నావు మావా?"

"మంచు పాడైపోనాది. సదును సెయ్యాలి."

"మంచు బాగానే ఉన్నాది."

"నీ కాలు బాగోలేదు."

"నాలుగైపోనాయి. ఇంకారే మావా." గొంతు తగ్గించింది. "ఆరు. నువ్వెళ్ళిపో. కాళ్ళట్టుకుంటాను."

నేను గోడ వైపు తిరిగి స్కౌట్‌ని పిలిచాను. ఆమె నెమ్మదిగా నడుస్తూ వచ్చింది. ఎడమ బ్లేడు చూడమన్నాను. పిల్ల కాలు ఎత్తలేదు. స్కౌట్ మంచు మీద మోకాళ్ళు వేసి కూర్చుని, పాదం తనే మెల్లగా ఎత్తి అంచు మీద గోరు గీసింది. తర్వాత కుడిది. తర్వాత నా మొహం చూసింది.

"ఇంత లోతు నువ్వే పెట్టావా?"

"నేనే మేడమ్."

ఆమె పుస్తకం మూసింది.

మోకాల్లో ఒక నరం తాడులాంటిది ఉంటుందట, అది సగం తెగి ఉందని డాక్టర్ చెప్పాడు. ఆపరేషన్ చేశారు. డ్రాఫ్ట్ జరిగిన రోజున పేర్లన్నీ ఫోన్‌లో చివరిదాకా విన్నాను, పిలవరని తెలిసీ. అప్ప నన్ను తిట్టలేదు. "నీకెప్పటినించి తెలుసురా?" అని మాత్రం అడిగింది. రంజాన్‌కి ముందు నుంచీ అన్నాను. మర్నాటి నుంచి నాకు వచ్చే నాసి లెమాక్ పొట్లం రాలేదు. చెప్పినందుకో, అన్నాళ్ళు చెప్పనందుకో, అడగడానికి నాకు నోరు రాలేదు. అంత నోరున్న నాకు.

ఆయుధ పూజ నాడు బండికీ సాన యంత్రానికీ పసుపు కుంకుమలు పెడుతుంటే కౌంటర్ మీద స్కేట్లు చప్పుడయ్యాయి. ఆమే. చిక్కింది. టోపీ గురించి ఏమీ అనలేదు.

"అప్పటంత లోతు," అంది. "ఎడం కాలికి."

"డాక్టరేటన్నాడు?"

"ఇంకారు నెలలన్నాడు."

"మరి?"

"వచ్చే నెల ఆ మేడం కొత్త డ్రాఫ్ట్ కోసం మళ్ళీ వస్తాది."

"నేను సెయ్యను."

"సెరి." స్కేట్ల తాళ్ళు రెండూ కలిపి పట్టుకుంది. "ఇంకో మాల్‌లో సేయించుకుంటాను. అక్కడోడికి నా కాలు తెలీదు, అడగడు."

ఆమె చేతిలోంచి స్కేట్లు లాక్కున్నాను. యంత్రం మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. స్విచ్ వేశాను, రాయి తిరగడం మొదలైంది. ఎడమది కౌంటర్ మీద పెట్టి, ముందు కుడి స్కేటు బిగించాను. దాంతో నాలుగు నిమిషాల కన్నా పని లేదు, ఆలోగా ఎడమదాన్ని ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. ఆమె పక్కనే నిలబడి ఎడమ స్కేటుని కౌంటర్ మీద నా వైపుకి కొంచెం కొంచెంగా జరుపుతూ ఉంది.