వెనక్కి తిరిగి చూడని సంత

ఆదివారం సంత ముగించుకుని సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిన మా సారు, సోమవారం తెల్లవారేసరికి లేరు. నిద్రలోనే పోయారని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. పన్ను ఆఫీసుకు ఇవ్వాల్సిన జవాబు గురించి ఆ రోజే మేమిద్దరం ఆడిటర్‌ను కలవాల్సి ఉంది. ఇప్పుడు ఆ జవాబు నా మెడకు చుట్టుకుంది.

సారు నాకు డిగ్రీలో కామర్స్ చెప్పారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక హన్మకొండలో ఒక ఖాళీ స్థలం అడిగి తీసుకుని, రైతులే తెచ్చి అమ్ముకునే సంత పెట్టారు. నన్నూ అందులోకి లాగారు. పరకాల నుంచి, నెక్కొండ నుంచి వచ్చిన ఆడవాళ్లు కూరగాయలు పరుచుకుంటుంటే, ఆయన వరుసల వెంట తిరుగుతూ బెండకాయల కొసలు విరిచి చూసేవారు. "సారూ, నీ దెబ్బకు నా కాయలన్ని మొండివైతానయి" అని వాళ్లు మొత్తుకునేవారు. ఆయన ఆ కాయను పచ్చిగానే నమిలేసి ముందుకు సాగేవారు. పిల్లల నోట్సులు దిద్దుతున్నట్టే ఉండేది ఆ వాలకం.

మధ్యాహ్నం, మిగిలిన కూరగాయలను గేటు దగ్గర పరిచిన పట్టా మీద పోయించేవారు. "ఇగ అటు తిరుగుండ్రి!" అని క్లాసులో లాగే కేకేసి, ముందు తానే గోడవైపు తిరిగి నిలబడేవారు. మేమూ తిరిగేవాళ్లం. కావలసినవాళ్లు వచ్చి పైసా ఇవ్వకుండా తీసుకుపోయేవారు. వాళ్లెవరో మాకు తెలిసేది కాదు.

"మనం చూస్తే రారు బిడ్డా" అనేవారు.

మా సంత దాతృత్వ సంస్థేనని, పన్ను మినహాయింపు ఇవ్వమని దరఖాస్తు పెట్టాం. అది రాకపోతే రేకుల షెడ్డుకు విరాళమిస్తామన్న దుకాణాలవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఆడవాళ్లు ఈ ఎండాకాలమూ మాడాల్సిందే. రైతులు లాభానికి అమ్ముకుంటుంటే ఇది వ్యాపారం కాదా అని ఆఫీసు అడిగింది. ఆ ప్రశ్నతో సారుకు అన్నం సయించలేదు.

"బీదోనికి పైసలిస్తే ధర్మమట. వాడే సంపాయించుకునేటట్టు జాగ ఇస్తే యాపారమట. గిదేం లెక్క బిడ్డా?"



ఆడిటర్ ఒక దారి చూపించాడు. "సార్, పట్టా కాడ తీసుకునేటోళ్ల ఫొటోలు, పేర్లు పెడదాం. మన మాటకు జర బలం వస్తది."

"పేర్లడిగితే మల్ల ఒక్కరన్న వస్తరా?" అన్నారు సారు. "వాళ్లు రాకుంటే గప్పుడు మనది ఉత్త యాపారమే గద."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. నాలుగు ఫొటోలు తీస్తే అంతమంది ఆడవాళ్ల నెత్తిన నీడ పడుతుంది కదా అనిపిస్తుంది. అంతలోనే గోడవైపు తిరిగిన ఆయన వీపు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఎదుటివాళ్లు తల దించుకోకుండా ఇవ్వడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే.

మొన్న ఆదివారం ఆయన లేని మొదటి సంత. ఫొటోలు తీద్దామనే ఫోన్ చేతిలో పట్టుకుని వెళ్లాను. పట్టా మీద కూరగాయలు పోశారు. కేకేసేవాళ్లు లేరు. అయినా అందరూ వాళ్లంతట వాళ్లే గోడవైపు తిరిగారు. నేనూ తిరిగాను. వెనక సంచుల చప్పుడు మొదలైంది. కాసేపటికి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"సారు కేక ఇనవడ్తలేదేంది? ఇయ్యాల రాలేదా?"

ఆమెకు తెలియదు. కబురు పంపడానికి ఆమె ఎవరో మాకూ తెలియదు. ఫోన్ నా చేతిలోనే ఉంది.

గోడవైపే చూస్తూ, "రాలేదమ్మా" అన్నాను.