సారు పలక

మనవరాలు తడిగుడ్డతో పలక తుడుస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు నా మీదే ఒళ్లు మండుతుంది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, పానగల్ పక్కన మా బడిలో ఉర్దూ పోయి తెలుగు చదువు వచ్చింది. సారు మాత్రం పాతాయనే. ఒళ్లో పలక పెట్టుకుని, అందులో చూస్తూ పాఠం చెప్పేవాడు. కథ కాగానే అక్షరాలు, అవి కాగానే చింతగింజలతో అవే అక్షరాలు పేర్చడం. అల్లరి చేద్దామంటే సందు దొరికేది కాదు!

నాకు చిర్రెత్తేది. పక్కవాడి పలక చూస్తే మా చెవి మెలేసే మనిషి, తాను మాత్రం చూసి చెప్పొచ్చా? ఒకరోజు ఆయన నీళ్లు తాగడానికి బయటికి పోగానే ఆ పలక మీద ఉమ్మేసి తుడిచేశాను.

సారు తిరిగి వచ్చి పలక చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు గానీ పాఠం ముందుకు సాగలేదు. కాసేపట్లో పిల్లల గోలతో బడి అంగడయింది.

"ఇయ్యాల్టికి ఇంటికి పోండ్రి బిడ్డా. రేపు మళ్ల రాసుకొని వస్త."

ఇంటికి పోయి, "సారుకు సదువు రాదు బాపూ," అని గొప్పగా చెప్పాను.

"ఆయన సదివింది ఉర్దూల గదరా! రోజు పొద్దుగూకినంక గుడి అయ్యగారి కాడ కూసొని తెలుగు నేర్సుకుంటుండు. రేపటి పాఠం గా పలక మీద రాసుకుంటుండు," అన్నాడు బాపు.

అప్పుడూ నాకు నవ్వే వచ్చింది.

తర్వాత నేనూ ముప్ఫై ఏళ్లు పంతులుగా చేశాను. నాకు రాని పాఠమా అని ఏనాడూ ముందుగా ఒక్క ముక్క రాసుకోలేదు. ముప్ఫై ఏళ్లూ బెత్తం ఝళిపిస్తూనే ఉన్నాను. నా తరగతి రోజూ అంగడే.