తొమ్మిది అగ్గిపెట్టెలు

మునగాల బడిలో మాకు సోషల్ చెప్పిన సార్ పోయిన వారం సూర్యాపేటలో కన్నుమూశారు. మిర్యాలగూడ నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసి, "సార్ పోయిండే" అని ఏడ్చింది. కోదాడలో ఓ పెళ్ళికి వంట చేయిస్తున్నదాన్ని, గరిటె పక్కవాళ్ళ చేతికిచ్చి బయటికొచ్చాను. అయినా మొదట గుర్తొచ్చింది నవ్వొచ్చే సంగతే.

తొమ్మిదో తరగతిలో వనభోజనాలకు ఊరవతలి మామిడితోటకు వెళ్ళాం. వంట పిల్లలదే, సార్ వేలు పెట్టరు. పెత్తనమంతా నాది. లిస్టు రాసుకుని, ఎవరికీ చూపించకుండా, ఎవరేం తేవాలో విడివిడిగా చెప్పాను. బియ్యం, గుడ్లు, గిన్నెలు, కట్టెలు అన్నీ వచ్చాయి. మూడు రాళ్ళ పొయ్యి కూడా పేర్చాం. అగ్గిపెట్టె లేదు!

సార్ చెట్టు కింద తాపీగా కూర్చుని, "పొద్దున బయలెల్లేటప్పుడే సూసిన" అన్నారు.

"మరి చెప్పలేదేంది సార్?"

"ఒకళ్ళనొకళ్ళు అడుగుతరేమోనని ఆగిన. లిస్టు నీ ఒక్కదాని దగ్గర్నే ఉంటె ఎట్ల బిడ్డా? పక్కదానికి సదివి వినిపియ్యి. నువ్వు మర్సింది దానికి యాదికొస్తది."

హైవే మీది దాబా దాకా నడిచి అగ్గిపెట్టె తెచ్చాం. అన్నం తినేసరికి సాయంత్రం నాలుగు. మాడిన గుడ్ల కూరే సార్ మారు వడ్డించుకున్నారు.

ఆ మర్నాటి నుంచి ఏ పనైనా ఇద్దరిద్దరికి అప్పగించేవారు. ఒకరు ఎలా చేస్తారో చెప్పాలి, రెండోవాళ్ళు అడ్డు ప్రశ్నలు వేయాలి. నా జోడీ ఈ మిర్యాలగూడ మనిషే. "వానొస్తే?" "తెచ్చేటోళ్ళు రాకపోతే?" అని నా తల తినేది. ఏడాది తిరిగేసరికి ఆ ప్రశ్నలు నాకే ముందు తట్టేవి. ఇవాళ్టికీ ప్రతి ఆర్డర్ లిస్టూ వంటవాళ్ళకు చదివి వినిపించాకే పని మొదలుపెడతాను. నా బతుకుదెరువు సార్ పెట్టిన భిక్షే.

మొన్న బడిలో సంతాప సభ పెట్టుకున్నాం. ఫొటో, దండ, కుంది, వత్తి సర్దాం. దీపం వెలిగించాలని నేను సంచిలోంచి అగ్గిపెట్టె తీశాను. నా జోడీ కూడా తీసింది. ఆ వెనక ఒక్కొక్కరూ తీస్తుంటే మొత్తం తొమ్మిది తేలాయి.

కుందిలో నూనె మాత్రం లేదు.

"వంటలదానివి, నువ్వు తెస్తవనుకున్న" అంది నా జోడీ.

"నువ్వు తెస్తవని నేననుకున్న. అడగొద్దానే?"

అందరం పగలబడి నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం. ఒకరు నూనె కోసం కొట్టుకు పరిగెత్తారు. అంతదాకా తొమ్మిది అగ్గిపెట్టెలూ ఫొటో ముందు వరసగా ఉన్నాయి. ఫొటోలో సార్ తాపీగా నవ్వుతున్నారు, పొద్దున్నే చూసినట్టు.