తోడికోడలి టేపురికార్డరు, నా భుజం

ఆ రోజు పొద్దున జడ వేసుకుందామని చెయ్యి ఎత్తితే కుడి భుజం సగంలోనే ఆగిపోయింది. పని ఎక్కువై పట్టేసిందనుకున్నాను. కొన్నాళ్లకు రవిక తొడుక్కోవడమే యుద్ధమైంది. వనపర్తిలో డాక్టరు ఎక్స్-రే, షుగర్ టెస్టు చేయించి, "ఫ్రోజెన్ షోల్డర్. ఎక్సర్‌సైజ్ చెయ్యకుంటే చెయ్యి గిట్లనే ఉంటది" అన్నాడు.

మా గద్వాల చీరకు అంచు పట్టు, మధ్య భాగం నూలు. అత్తమ్మ నేస్తుంటే అంచు వైపు నుంచి పట్టుపోగు నాడె (షటిల్) అందించే మనిషి పక్కనే కూర్చోవాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ చోటు నాది. బి.ఎ. చదివీ ఉద్యోగం వద్దని పట్టుబట్టి కూర్చున్న చోటు. ఇప్పుడక్కడ నా తోడికోడలు సుజాత, పక్కన తను పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేపురికార్డరు.

"చిన్నదాని చెయ్యి మస్తు చలాకీ" అని నాకు వినబడేటట్టే అంది అత్తమ్మ. "నీ చెయ్యి లేవకుంటే గీ జాగ ఇగ దానిదే."

ఆ రోజే పంతం పట్టి ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టాను.

పక్క గదిలో నేను గోడకు వేళ్లానించి పైకి పాకించాలి. చెయ్యి కిటికీ గొళ్లెం దాటేది కాదు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒకనాడు అవతల సుజాత పెట్టిన పాట నడుస్తుండగా చూసుకుంటే వేళ్లు గొళ్లెం దాటి ఉన్నాయి. నొప్పి పోలేదు, మనసే పాట వెంట పోయింది. దాని పాటతో నా చెయ్యి లేవడమా!

"ఆపవే, తల పగులుతుంది!" అని అరిచాను. ఆపింది. చెయ్యి మళ్లీ గొళ్లెం దగ్గరే ఆగింది.

సుజాత గడపలోకొచ్చి, "అక్కా, కోపం పాట మీదనా, నా మీదనా?" అంది.

"నీ మీదే."

"గట్లయితే పాటనెందుకు తిడ్తవ్? ఇగో, డబ్బా నీ తాననే పెట్టుకో."

తీసుకున్నాను. సుజాతను నా చోటు నుంచి తొందరగా లేపి నేను కూర్చోవాలని, హుషారు పాట పెట్టి చెయ్యి తెగ ఊపాను. మర్నాడు దువ్వెన కూడా పట్టలేకపోయాను.

డాక్టరు చీవాట్లు పెట్టాడు. "పాట మీకు నొప్పిని మరిపిస్తది, కీలుకు కాదమ్మా. నిదానం పాట పెట్టుకోండి."

నెలలు పట్టింది. ఇప్పుడు నా చోట నేనే కూర్చుంటున్నాను. సుజాతకు అత్తమ్మ కొత్త మగ్గమే పెట్టించింది. అదీ నాకు మంటే! టేపురికార్డరు మాత్రం తిరిగివ్వలేదు.

మీకూ ఈ జబ్బొస్తే నిదానమైన పాటతో ఎక్సర్‌సైజ్ చేయండి, డాక్టరు చెప్పిన చోట ఆపండి. పాట ఎవరింటిదైనా సరే.